గుణుపురంలో ఇల్లు, బొబ్బిలిలో చెల్లెలు: వారసత్వం తేలేలోపు పోయినాయన ఆస్తిని కాపాడటం ఎలా?

వంశధార గట్టు:
తెలిసినవాళ్ళ తరఫున అడుగుతున్నాను. ఒడిశా గుణుపురంలో ఒకాయన పోయి మూడు వారాలైంది. భార్య ముందే పోయింది, పిల్లల్లేరు, తల్లిదండ్రులు లేరు. ఒక్క చెల్లెలు, బొబ్బిలిలో ఉంటుంది. అన్న ఎప్పుడో పోయాడు, ఆ అన్న కొడుకు మాత్రం పక్కింట్లోనే ఉన్నాడు. తలకొరివి పెట్టింది అతనే. పెద్దకర్మ అయిన మర్నాడు బీరువా తీశాడు, వీధి గదుల్లో ఉన్న ఇద్దరి దగ్గర అద్దె వసూలు చేశాడు. పోయినాయన ఫోను కూడా అతని దగ్గరే ఉంది. ఆరెకరాల వరి భాగచాషీ (పాలుకు సాగు చేసే రైతు) చేతిలో ఉంది, కోతకు నెల కూడా లేదు. బ్యాంకులో లాకరు, రెండు ఎఫ్‌డీలు. చెల్లెలికి అసలు హక్కుందా? ఉంటే, కోర్టు తేల్చేదాకా ఇవన్నీ చెదిరిపోకుండా ఏం చేయాలి?

నాగావళి దస్తావేజు:
హక్కు ఉండటం కాదండీ, మీరు చెప్పిన ప్రకారం హక్కు ఆవిడ ఒక్కరిదే. హిందూ వారసత్వ చట్టం 1956లో మొదటి తరగతి వారసులు (భార్య, పిల్లలు, తల్లి వగైరా) ఎవరూ లేకపోతే రెండో తరగతికి వెళ్ళాలి. అందులో మొదటి వరుస తండ్రి. రెండో వరుసలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. అన్న కొడుకు, అక్క కొడుకు లాంటివాళ్ళు నాలుగో వరుసలో ఉన్నారు. పై వరుసలో ఒక్కరు బతికున్నా కింది వరుసవాళ్ళకు ఏమీ రాదు. పోయిన తండ్రి వాటా ఎత్తుకుని అతను ఇక్కడ రాలేడు. ఆ వెసులుబాటు రెండో తరగతిలో లేదు.

తలకొరివి పెట్టినవాడికే ఆస్తి అన్నది ఊరి మాట. చట్టంలో దానికి చోటు లేదు.

ఒక్కటి చూసుకోండి. ఆ పొలం, ఇల్లు స్వార్జితమా, తాతల నాటి ఉమ్మడి ఆస్తా? ఉమ్మడి అయి పంపకాలు కాకుండా ఉంటే అన్న వాటా మటుకు అన్న కొడుకుదే. పోయినాయన వాటా ఎంతో తేలాక అది చెల్లెలికి వస్తుంది. భూలేఖ్‌లో (ఒడిశా భూరికార్డుల సైటు) ఖాతియాన్, అంటే హక్కుల రికార్డు, తీసి ఎవరెవరి పేర్లున్నాయో చూడండి. వీలునామా ఏదైనా బయటికొస్తే కథ వేరు.

మహేంద్రతనయ:
ఇంత లెక్క దేనికి? ఆవిడ కొడుకులు ఇద్దరు వచ్చి ఆ తాళం మీద ఇంకో తాళం వేసేస్తే సరి. తహసీల్దారు దగ్గర లీగల్ హెయిర్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే పోలీసులే ఖాళీ చేయిస్తారు.

నాగావళి దస్తావేజు:
రెండూ తప్పే. లీగల్ హెయిర్ సర్టిఫికెట్ వారసులెవరో చెప్పే కాగితం. స్వాధీనం ఇప్పించేది కాదు, హక్కు తేల్చేదీ కాదు. తెచ్చుకోవాలి, అవసరమే, కానీ దాన్ని పట్టుకుని వెళ్తే థానాలో ఐఐసీ (స్టేషన్ ఇన్‌స్పెక్టరు) 'ఇది సివిల్ మేటర్' అనే అంటారు. అనడంలో తప్పు కూడా లేదు.

ఇక మీ రెండో తాళం. తాళం వేసిన మర్నాడే అతను, బొబ్బిలి నుంచి మనుషులొచ్చి తనను బలవంతంగా గెంటేశారని దావా వేస్తాడు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు వేసిన దావాలో హక్కు ఎవరిదని అడగరు, స్వాధీనం ఎవరి దగ్గర నుంచి లాక్కున్నారనే చూస్తారు. అసలు వారసురాలు ముద్దాయి అయి కూర్చుంటుంది.

జగన్నాథసాగరం:
ఇండియన్ సక్సెషన్ యాక్ట్ 1925లో సెక్షన్ 269 ఉంది కదా. ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ధ్రువీకరణ) వచ్చేదాకా, లేదా ఆస్తి నిర్వహణకు మనిషి నియమితుడయ్యేదాకా జిల్లా జడ్జి కలగజేసుకుని ఒక అధికారిని పెట్టి ఆస్తి స్వాధీనం చేసుకోవచ్చు. ఒడిశా జైపూర్‌లో ఒక ప్లీడరు గారు చెప్పారు.

సరిహద్దు ప్లీడరు:
269 చదివేవాళ్ళు మొదటి ఉపవాక్యం చదివి ఆగిపోతారు. రెండోది చూడండి. పోయిన మనిషి హిందువు, ముస్లిం, బౌద్ధుడు, సిక్కు, జైనుడు అయితే ఆ సెక్షనే వర్తించదు. ఇండియన్ క్రిస్టియన్ వీలునామా లేకుండా పోయినా వర్తించదు. గజపతి జిల్లాలో క్రైస్తవ కుటుంబాలు ఎక్కువ కాబట్టి పర్లాకిమిడిలో, వీలునామా ఉన్న కేసుల్లో, అది పనికొస్తుంది. ఈ గుణుపురం కేసులో 269 రాసి పిటిషన్ వేస్తే తిరిగొస్తుంది, ఈలోపు నెల పోతుంది.

మీకు కావలసింది అదే చట్టంలో ఏడో భాగం, సెక్షన్ 192 నుంచి 210 దాకా. ఇది అన్ని మతాలవాళ్ళకూ వర్తిస్తుంది. వారసత్వంగా హక్కు ఉందనుకునే వ్యక్తి, ఇంకొకరు ఇప్పటికే స్వాధీనం చేసుకున్నా, బలవంతంగా చేసుకుంటారన్న భయం ఉన్నా, ఆస్తిలో ఏ కొంచెమైనా ఉన్న జిల్లా జడ్జి దగ్గరికి వెళ్ళొచ్చు. గుణుపురం ఇల్లు, పొలం కాబట్టి రాయగడ జిల్లా జడ్జి. వారసుడు మైనరో, దూరాన ఉన్నవాడో అయితే బంధువు, ఏజెంటు కూడా వేయొచ్చు. ఆవిడ వయసు మీద పడి ప్రయాణం చేయలేకపోతే ఆ మాట పిటిషన్‌లోనే రాయండి.

గడువు గట్టిగా గుర్తుపెట్టుకోండి. సెక్షన్ 205 ప్రకారం మరణం నుంచి ఆరు నెలల్లోపు వేయాలి. 'సంవత్సరీకం అయ్యాక మాట్లాడుకుందాం' అని పెద్దమనుషులు చెబుతారు చూశారా, ఆ మాటతో ఈ దారి మూసుకుపోతుంది.

వంశధార గట్టు:
పిటిషన్ వేశాక నోటీసు వెళ్తుంది, అతను హాజరవుతాడు, వాయిదా అడుగుతాడు. ఈలోపు బీరువాలో ఏం మిగులుతుంది?

సరిహద్దు ప్లీడరు:
అందుకే సెక్షన్ 194 చివరి షరతు చదవాలి. అడిగితే, ఎదుటివాడికి సమన్లు ఇవ్వడానికి కావలసిన విచారణ పూర్తయినా కాకపోయినా, ఒక అధికారిని పంపి సామాను జాబితా రాయించి, సీలు వేయించే అధికారం జడ్జికి ఉంది. చాలామంది దీన్ని అడగరు. అసలు పిటిషన్‌తో పాటు విడిగా ఒక అర్జీ, దాంట్లో ఇదొక్కటే కోరండి. జాబితా ఒకసారి కోర్టు రికార్డులోకి ఎక్కాక ఎదుటివాడు ఎన్ని వాయిదాలడిగినా నష్టం తక్కువ.

అసలు పిటిషన్‌లో సెక్షన్ 193 అడిగేవన్నీ విడివిడిగా కనపడాలి: ఎదుటివాడికి చట్టబద్ధమైన హక్కు లేదని నమ్మడానికి ఆధారం, పిటిషనర్‌కు నిజంగా హక్కు ఉందని, మామూలు దావాకు వదిలేస్తే గట్టి నష్టం జరుగుతుందని, సదుద్దేశంతోనే వేశామని. ఎక్కువ పిటిషన్లు పోయేది 'గట్టి నష్టం' దగ్గరే. 'ఆస్తి అన్యాక్రాంతం అవుతోంది' అని ఒక ముక్క రాసేస్తే సరిపోదు. ఫలానా తేదీన బీరువా తీశాడు, ఫలానా ఇద్దరు అద్దెదారుల దగ్గర ఇంత తీసుకున్నాడు, వరి ఫలానా వారంలో కోతకొస్తుంది, కోస్తే కళ్ళంలోనే అమ్ముడుపోతుంది అని రాయాలి. జడ్జి పిటిషనర్‌ను ప్రమాణం మీద విచారిస్తారు. కాబట్టి ఆవిడకు ఈ తేదీలు నోటికి రావాలి.

ఇంకా భయం ఉంటే సెక్షన్ 195 కింద క్యూరేటర్‌ను, అంటే ఆస్తిని చూసుకోవడానికి కోర్టు పెట్టే మనిషిని, అడగండి. విచారణ తేలేలోపు ఆస్తి దుర్వినియోగమో, పాడవడమో అవుతుందన్న ప్రమాదం ఉంటే జడ్జి నియమిస్తారు. భూమి విషయంలో ఆ అధికారాన్ని కలెక్టరుకు, ఆయన కింది అధికారికి అప్పగించొచ్చు. కొన్నిసార్లు క్యూరేటర్ లేకుండానే, స్వాధీనంలో ఉన్నవాడి దగ్గర జామీను తీసుకుని అతన్నే ఉండనిస్తారు. అదీ చిన్న విషయం కాదు. జామీను రాసినవాడు బీరువా జోలికి వెళ్ళడానికి పదిసార్లు ఆలోచిస్తాడు.

కోర్టు అమీను (రిటైర్డ్):
జాబితా రాయించడం దగ్గరే కేసు సగం గెలుపో ఓటమో తేలుతుంది. ఆ పని కొంచెం వివరంగా చెబుతాను.

వెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళాల్సినవి: పెద్ద లెడ్జర్ కాగితాలు, కార్బన్, తెల్ల నాడా, లక్క, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర (అధికారి దగ్గర ఉంటుంది), కొత్త తాళాలు, చిన్న గుడ్డ సంచులు. బంగారం ఉంటే ఊరి కంసాలిని, ఎలక్ట్రానిక్ కాటాను ముందే మాట్లాడుకోండి. అక్కడికెళ్ళాక వెతుక్కుంటే పొద్దు గూకుతుంది, చీకట్లో సీలు వేస్తే రేపు దాని మీదే గొడవ. ఇద్దరు పంచులు (సాక్షులు) ఉండాలి. ఇద్దరూ పిటిషనర్ వైపు చుట్టాలే అయితే విలువ పోతుంది, ఒకరినైనా ఆ వీధిలోవాళ్ళని పెట్టండి.

రాసేటప్పుడు 'బీరువా 1, అందులో నగలు' అని రాయకండి. గోద్రెజ్ స్టీలు బీరువా, ఎడమ తలుపు గొళ్ళెం వంగి ఉంది, పై అర, ఎర్ర వెల్వెట్ పెట్టె, అందులో నల్లపూసల గొలుసు ఒకటి, రాళ్ళతో కలిపి 24.310 గ్రాములు, హాల్‌మార్క్ ఉందా లేదా, ఉంటే దాని మీది ఆరక్షరాల హెచ్‌యూఐడీ. ఇలా. రాళ్ళున్న నగకు 'మొత్తం తూకం' అని స్పష్టంగా రాయాలి. తరువాత ఎవరో రాళ్ళు తీసి తూచి తేడా ఉందంటారు. కంసాలి 'ఇది బంగారం' అని చెప్పినా జాబితాలో 'పసుపు రంగు లోహం, కంసాలి బంగారమని చెప్పినది' అని రాయడం పద్ధతి. అధికారి లోహ పరీక్ష చేయలేదు కదా.

ఖాళీ అరను కూడా రాయాలి. 'కింది సొరుగు తెరిచి చూడగా ఖాళీ' అన్న ఒక్క వాక్యం ముందే తీసేశారన్న దానికి పనికొస్తుంది. దుమ్ములో పెట్టె అచ్చు కనిపిస్తే ఫోటో తీసి, ఆ అచ్చు కొలత రాయండి.

సీలు: తాళం కప్ప చుట్టూ నాడా రెండు చుట్లు, ముడి మీద లక్క, లక్క ఆరకముందే ముద్ర. నాడా తలుపు గొళ్ళెం లోంచి పోవాలి, ఊరికే కప్పకు కడితే గొళ్ళెం స్క్రూలు విప్పి తలుపు తీసేస్తారు, సీలు చెక్కుచెదరకుండా ఉంటుంది. పాత ఇళ్ళలో తలుపు మడత బందులు బయటికి ఉంటాయి, వాటినీ చూసుకోవాలి. వెనక పెరటి తలుపు, దాబా మెట్ల తలుపు మరిచిపోకండి. పాడయ్యేవి (బియ్యం, పప్పులు, ఆవు, గేదె) సీలు వేసిన గదిలో పెట్టరు. ఎవరికి అప్పగించారో సుపర్దునామా (అప్పగింత కాగితం) రాయించి సంతకం తీసుకోవాలి.

గొళ్ళెం:
మడత బందుల సంగతి బంగారం లాంటి మాట. 👍

బ్రహ్మపుర బ్యాంకరు:
బ్యాంకు సంగతి. ముందు మరణ ధ్రువపత్రం. ఎక్కడ పోయారో అక్కడ నమోదవుతుంది, ఎక్కడ ఉండేవారో అక్కడ కాదు. విశాఖ ఆసుపత్రిలో పోతే ధ్రువపత్రం విశాఖలోనే. 21 రోజుల్లోపు ఉచితం, 30 రోజుల దాకా ఆలస్య రుసుము, ఆపైన అధికారి అనుమతి కావాలి. ఇక్కడ ఇప్పటికే మూడు వారాలైంది, కాబట్టి నమోదైందో లేదో ఈ రోజే కనుక్కోండి.

ఎఫ్‌డీలకు, పొదుపు ఖాతాకు నామినీ ఎవరో తెలుసుకోండి. నామినీ లేకపోతే, మరణం గురించి, వివాదం గురించి లిఖితపూర్వకంగా శాఖకు ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. యూపీఐ, ఏటీఎం, చెక్కులు ఆగిపోతాయి. పోయినాయన ఫోను అన్న కొడుకు దగ్గర ఉందన్నారు. ఓటీపీలు అక్కడికే వెళ్తాయి కాబట్టి ఇది మొదటి పని, పిటిషన్ కన్నా ముందు.

నామినీ ఉంటే లెక్క మారుతుంది. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం సెక్షన్ 45జెడ్‌బీ ప్రకారం ఇంకొకరి దావా నోటీసును బ్యాంకు పట్టించుకోనక్కరలేదు, కోర్టు ఆర్డరు ఉంటేనే ఆగుతుంది. నామినీ సొంతదారుడు కాడు, వారసుల తరఫున తీసుకునేవాడు మాత్రమే. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే మాట ఖాయం చేసింది. బీమా పాలసీల్లో మాత్రం 2015 సవరణ తరువాత భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే సొంతంగా వస్తుంది, ఇక్కడ ఆ వరస లేదు.

నామినీ లేని ఖాతాల్లో వివాదం ఉందంటే బ్యాంకు సక్సెషన్ సర్టిఫికెట్ (ఆ డబ్బు తీసుకోవడానికి కోర్టు ఇచ్చే పత్రం) అడుగుతుంది. అది సెక్షన్ 372 కింద, పోయినాయన మామూలుగా నివాసమున్న జిల్లా కోర్టులో. లాకరు సంగతి మటుకు క్యూరేటర్ అర్జీలోనే కలిపి అడగండి.

మహేంద్రతనయ:
సరే, తాళం మాట వెనక్కి తీసుకున్నా. మరి దొంగతనం కేసు? బీరువాలో సొమ్ము తీసుకుపోతే క్రిమినల్ కాదా?

సరిహద్దు ప్లీడరు:
అవుతుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 315. మరణ సమయంలో పోయినవారి స్వాధీనంలో ఉండి, ఇంకా హక్కుదారు చేతికి రాని సొమ్మును దురుద్దేశంతో వాడుకుంటే మూడేళ్ళ దాకా శిక్ష, పోయినాయన పనివాడే చేస్తే ఏడేళ్ళ దాకా. పాత ఐపీసీ 404 ఇదే. చిక్కేమిటంటే ఇది పోలీసులు సొంతంగా దర్యాప్తు మొదలుపెట్టగల నేరం కాదు, మేజిస్ట్రేటు అనుమతి కావాలి. థానాలో 'చూద్దాం' అనడానికి సగం కారణం అదే. ఫిర్యాదు మాత్రం ఇవ్వండి. తేదీతో రికార్డు ఉంటుంది, రేపు పిటిషన్‌కు జతచేయొచ్చు.

పొలం మీద కొట్లాట వచ్చేలా ఉంటే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 164 (పాత సీఆర్‌పీసీ 145) కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళొచ్చు. పోలీసు రిపోర్టుకు ముందు రెండు నెలల్లోపు బలవంతంగా తప్పించినవాడిని స్వాధీనంలో ఉన్నట్టే లెక్కిస్తారు. నా అభిప్రాయం అడిగితే, వారసురాలు అసలు స్వాధీనంలోనే లేనప్పుడు ఆ దారి వెంట పడొద్దు.

లాంప్స్ లెక్కలు:
కోత గురించి ఎవరూ చెప్పలేదు. ధాన్యం మండీలో అమ్మాలంటే రైతు పేరు సహకార సొసైటీలో నమోదై ఉండాలి, డబ్బు ఆ ఖాతాలోకే వస్తుంది. పోయినాయన పేరు మీద అమ్మకపు టోకెన్ వచ్చి ఉంటే అన్న కొడుకు దాన్నే వాడబోతాడు, లేదా బయట వ్యాపారికి తక్కువకు తోస్తాడు. సొసైటీకి మరణం గురించి రాతపూర్వకంగా ఇవ్వండి. భాగచాషీకి ఒక నోటీసు: యజమాని వాటా ఎవరికీ ఇవ్వొద్దు, కళ్ళంలో ఇద్దరు సాక్షుల ముందు బస్తాలు లెక్కపెట్టి, తన వాటా తీసుకుని, మిగతాది కోర్టు చెప్పేదాకా ఉంచమని. అతన్ని శత్రువును చేసుకోకండి. ఎన్ని బస్తాలయ్యాయో చెప్పగల సాక్షి అతనొక్కడే.

అద్దెదారులకూ ఇదే రకం నోటీసు. క్యూరేటర్ వచ్చాక అతనికి కట్టిన అద్దెకు సెక్షన్ 197 రక్షణ ఉంది, మళ్ళీ ఇంకొకరికి కట్టనక్కరలేదు. ఆ మాట నోటీసులో రాస్తే వాళ్ళే స్థిమితపడతారు.

దెగ్లూర్ సాత్‌బారా:
మహారాష్ట్ర వైపు నుంచి చదివేవాళ్ళకు. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, ఇటు రాజురా, సిరొంచ తెలుగువాళ్ళకు సెక్షన్లు ఇవే, జిల్లా జడ్జి మాత్రం వేరు. రెవెన్యూలో తేడా ఉంది. ఇక్కడ వారసుడు మూడు నెలల్లోపు తలాఠీకి (గ్రామ రెవెన్యూ ఉద్యోగి) చెప్పాలి, భూ రెవెన్యూ కోడ్ సెక్షన్ 149. ఎదుటివాడు ముందే వెళ్ళి తన ఒక్కడి పేరుతో వారస నోంద్ (వారసుడి పేరు నమోదు) వేయించేస్తాడు. ఫేర్‌ఫార్ (పేరు మార్పు) నోటీసు చావడి మీద అంటిస్తారు, గడువులోపు రాతపూర్వకంగా అభ్యంతరం ఇస్తే సెక్షన్ 150 కింద అది వివాదాల రిజిస్టర్లోకి వెళ్తుంది, తలాఠీ చేతిలోంచి పోతుంది. చట్టం నోటి అభ్యంతరాన్నీ ఒప్పుకుంటుంది, కానీ రాతలో ఇస్తేనే రుజువు మిగులుతుంది. సాత్‌బారాలో (7/12 భూమి పత్రం) పేరెక్కినంత మాత్రాన హక్కు రాదు, కానీ పేరెక్కితే అమ్మడం తేలిక.

నాగావళి దస్తావేజు:
ఒడిశాలో కూడా అంతే. గుణుపురం తహసీల్దారుకు మ్యుటేషన్ మీద అభ్యంతరం ఇవ్వండి, ఆర్‌ఐకి (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) ఒక కాపీ. ఆపైన ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూడండి, మరణం తరువాతి తేదీతో ఏదైనా దస్తావేజు రిజిస్టర్ అయిందేమో. 'పెద్దాయన నాకు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాశారు' అంటే, మనిషి పోతే పవర్ కూడా పోతుంది, కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 201. డబ్బు తీసుకుని హక్కుతో ముడిపెట్టిన పవర్ అయితేనే మినహాయింపు.

గుణుపురం సివిల్ కోర్టులో ఒక కేవియట్ (మా మాట వినకుండా ఆర్డరు ఇవ్వొద్దన్న అర్జీ) కూడా వేయండి. అతను ముందే దావా వేసి ఏకపక్షంగా ఇంజంక్షన్ తెచ్చుకోకుండా ఉంటుంది. 90 రోజులు పనిచేస్తుంది, తరువాత మళ్ళీ వేసుకోవాలి.

ఇంకోటి, తెలుగు కాగితాలు. బొబ్బిలి వైపు ప్రోనోట్లు, కుటుంబ సభ్యుల పత్రం, పాత భాగపంపకాల కాగితం అన్నీ తెలుగులో ఉంటాయి. రాయగడ కోర్టులో ఇంగ్లీషు లేదా ఒడియా అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణతో, మొదటి రోజే జతచేయండి. లేకపోతే ఆఫీసు అభ్యంతరం పెట్టి వెనక్కి ఇస్తుంది.

జగన్నాథసాగరం:
పోయినాయనకు పార్వతీపురంలో కూడా ఒక స్థలం ఉందనుకోండి, రాయగడ క్యూరేటర్ అక్కడికి వెళ్ళగలడా?

సరిహద్దు ప్లీడరు:
దాని మీద ఆశ పెట్టుకోకండి. ఒక జిల్లా జడ్జి మొత్తం ఆస్తికి క్యూరేటర్‌ను పెడితే ఇంకో జిల్లా జడ్జి పెట్టకూడదన్న సెక్షన్ 204 'అదే రాష్ట్రంలో' అన్న మాటతోనే ఉంది. ఆంధ్రా స్థలానికి ఆంధ్రా కోర్టులో విడిగా అర్జీ వేయాలి, ఆరు నెలల గడువు అక్కడా ఇదే.

వంశధార గట్టు:
చాలా థాంక్స్ అందరికీ. ఆఖరి ప్రశ్న. క్యూరేటర్ ఖర్చు ఎవరిది? అతనే తినేస్తే? ఇందులో ఓడిపోతే అంతా అయిపోయినట్టేనా?

సరిహద్దు ప్లీడరు:
ఖర్చు ఆస్తిలోంచే. సెక్షన్ 198 ప్రకారం అతని ప్రతిఫలం చరాస్తి మీద, స్థిరాస్తి ఏడాది రాబడి మీద అయిదు శాతం దాటకూడదు. అతనూ జామీను ఇవ్వాలి. నెలనెలా సంక్షిప్త లెక్క, మూడు నెలలకోసారి వివరమైన లెక్క కోర్టులో పెట్టాలి. ఆ లెక్కలు మీరు చూడొచ్చు, నకలు పెట్టుకోవచ్చు. అడగకపోతే ఎవరూ చూపించరు, కాబట్టి ప్రతి నెలా వెళ్ళి అడగండి.

ఓడితే అప్పీలు లేదు, రివ్యూ లేదు, కానీ తేలేది స్వాధీనం ఒక్కటే. హక్కు కోసం మామూలు దావా వేసుకోవచ్చు, సెక్షన్ 208 దాన్ని కాపాడుతుంది. ఆ దావాలో సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద ఇంజంక్షన్, ఆర్డర్ 40 కింద రిసీవర్ అడగొచ్చు. ఇల్లు, పొలం మాత్రమే ఉండి ఎదుటివాడు ఇంకా లోపలికి రాకపోతే నేను నేరుగా ఆ దావాకే వెళ్ళమంటాను. ఇక్కడ నగలు, అద్దెలు, కోతకొచ్చిన పంట ఉన్నాయి, అతను ఇప్పటికే లోపల ఉన్నాడు. అందుకే 192.

కోర్టు అమీను (రిటైర్డ్):
రేపు వకీలు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంటి కొలతలతో చేతిగీత పటం ఒకటి తీసుకెళ్ళండి, తలుపులన్నీ గుర్తుపెట్టి. జాబితా ఆర్డరు వచ్చిన రోజు అధికారికి ముందు అదే కావాలి.